ఊరి టెలిఫోను మనమే: కోనసీమ పేటల్లో కబురు చరిత్ర

సెల్‌ఫోను వచ్చి మనుషుల్ని విడదీసిందనీ, ఒకప్పుడు ఊళ్ళో అందరూ అరుగుల మీద కూచుని కష్టసుఖాలు చెప్పుకునేవారనీ బాధపడేవాళ్ళు మనకి తరచు తగులుతుంటారు. పత్రికల్లో రాసేవాళ్ళు, సభల్లో మాట్లాడేవాళ్ళు, మన కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్ళు. యంత్రం మీద ఆధారపడి మనిషి పరాధీనుడైపోయాడని వీళ్ళ వాదం. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ అరుగుల మీద కూచున్నదెవరు, అరుగు కింద తలగుడ్డ తీసి నిలబడ్డదెవరు అన్న ప్రశ్న ఆ మాటల్లో ఎక్కడా వినపడదు. అరుగు ఎక్కనివ్వని వాడికి అరుగు పోయిందన్న బాధ ఎందుకుంటుంది?

ఆ ప్రశ్న పట్టుకుని కోనసీమ చరిత్రని చూద్దామని ఈ ప్రయత్నం. కోనసీమే ఎందుకంటే, ఒకటి అది మా ప్రాంతం. రెండోది, 2022 మే, జూన్ నెలల్లో దాదాపు రెండు వారాలపాటు ఇక్కడ ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టాక ఆపింది. రోజువారీ బతుకులో యంత్రం మీద ఎంత ఆధారపడ్డామో, దాని స్విచ్చి ఎవరి చేతిలో ఉందో ఆ రెండు వారాల్లో అందరికీ తెలిసొచ్చింది. అయితే అది అర్థం కావాలంటే యంత్రం లేని కాలం నుంచి మొదలుపెట్టాలి.

కబురు మోసిన కాళ్ళు

టెలిఫోను లేదు, మైకు లేదు, పేపరు లేదు. అప్పుడు ఊళ్ళో కబురు ఎలా తిరిగేది? మన కాళ్ళ మీద తిరిగేది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో గ్రామానికి మునసబు, కరణం, వాళ్ళ కింద తలారి, వెట్టి ఉండేవాళ్ళు. మునసబు, కరణం పై కులాల వాళ్ళు. వెట్టి పని మాలపేటది, డప్పు కొట్టి చాటింపు వేయడం చాలాచోట్ల మాదిగపేటది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని. శిస్తు కట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. కరణంగారి దస్త్రాల మూట నెత్తిన పెట్టుకుని తాలూకా కచేరీకి మొయ్యాలి. పై అధికారి వస్తే బండి ముందు పరిగెత్తాలి. ఊళ్ళో పెద్దింట్లో ఎవరన్నా పోతే పొరుగూళ్ళ చుట్టాలకి రాత్రికి రాత్రే చెప్పి రావాలి. చావు కబురు చల్లగా చెప్పాడని మనకో సామెత ఉంది గాని, ఆ కబురు పట్టుకుని ఎనిమిది మైళ్ళు నడిచినవాడి కాళ్ళ గురించి సామెత లేదు. చెప్పినా గుమ్మానికి దూరంగా నిలబడి చెప్పాలి. కబురు లోపలికి వెళ్తుంది, తెచ్చినోడు వెళ్ళకూడదు.

మా ముత్తాత వెట్టి చేశాడని మా మామ్మ చెప్పేది. "ఆయన కాళ్ళు ఇంట్లో ఉండేవి కావమ్మా, ఊరి మీదే ఉండేవి" అనేది. దానికి ప్రతిఫలం కాస్త మాన్యం, కళ్ళంలో కుంచెడు గింజలు.

కోనసీమలో ఈ పని మరీ కష్టం. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం. ఎటు వెళ్ళాలన్నా ఏటి గట్టో, కాలవ గట్టో, లంక రేవో తగులుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. తర్వాత వైనతేయ మీదుగా గన్నవరం దగ్గర అక్విడెక్టు కట్టి రాజోలు వైపు లంకలకి కాలవ నీళ్ళు దాటించారు. ఆ కాలానికి అది పెద్ద సాంకేతిక విజయమే, కాదనక్కర్లేదు. కోనసీమని అన్నపూర్ణ చేసింది ఆ నీళ్ళే. కాటన్ దొర విగ్రహం లేని ఊరు ఈ డెల్టాలో తక్కువ. అయితే నీళ్ళు పారిన భూములు ఎవరివి, ఆ కాలవల్లో పూడిక తీసిన చేతులు ఎవరివి అని అడిగితే జవాబు మనకి తెలిసిందే. పైగా కాలవలు పడ్డాక వెట్టివాడు దాటాల్సిన వంతెనలూ, బల్లకట్లూ పెరిగాయి.

నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది ఇదీ. సమాజశాస్త్ర పుస్తకాల్లో ఆధారపడటం అంటే పాలేరు కామందు మీద ఆధారపడటం అనే ఉంటుంది. అది సగం నిజం. వెట్టివాడు మూడ్రోజులు జ్వరంతో పడుకుంటే మునసబుగారి రాజ్యం సాగేదా? ఊరే రోజూ పేట మీద ఆధారపడి బతికింది. ఈనాడు టెలిఫోను, మైకు, బస్సు, నోటీసు బోర్డు చేసే పనులన్నీ ఒక కులం మనుషుల చేత చేయించుకుంది. యంత్రం చేసే పని మనిషి చేత చేయించుకున్నవాడు ఆ మనిషిని యంత్రంగానే చూస్తాడు. ఊరి టెలిఫోను మనమే.

1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా కావ్యంలో అంటరానివాడు శివుడికి గబ్బిలంతో పంపుతాడు. గబ్బిలం గుళ్ళోకి వెళ్ళగలదు, అతను వెళ్ళలేడు కాబట్టి అని మనం పాఠం చెప్పుకుంటాం. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఊరందరి కబురూ మోసిన కులంలో పుట్టినవాడికి తన కబురు మోసే మనిషి ఒక్కడూ దొరకలేదు. 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకోవడంలో ఈ చరిత్రంతా ఉంది. ఇన్నాళ్ళూ ఊరి కబురు చాటిన డప్పు మొదటిసారి తన కబురు చాటింది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థ రద్దు చేసింది. కుర్చీలు పోయాయి గాని కాళ్ళ మీద పని ఒక్కసారిగా పోలేదు. దాన్ని తీసేసింది చట్టం కంటే తీగలూ, తరంగాలూ.

గాలికి మడి కట్టలేకపోయారు

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఊళ్ళల్లో పంచాయతీ రేడియో ఉండేది పంచాయతీ ఆఫీసులో, ఆఫీసు ఉండేది ఊళ్ళో. పేట జనం రోడ్డు అవతల నిలబడి వినేవారని పెద్దలు చెబుతారు. అయితే రేడియోతో ఊరికి ఒక చిక్కు వచ్చి పడింది. నీళ్ళకి వేరే రేవు పెట్టొచ్చు, హోటల్లో వేరే గ్లాసు పెట్టొచ్చు, గాల్లో వచ్చే మాటకి మడి ఎలా కడతారు? వరి ధర, ఎన్నికల వార్త, తుఫాను హెచ్చరిక అరుగు మీద వాడికీ, రోడ్డు మీద వాడికీ ఒకే క్షణంలో అందింది. వార్త పెద్దల నోటి నుంచి కాకుండా నేరుగా మన చెవిలో పడటం అదే మొదలు. చిన్న సంగతి కాదిది.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న రాసిన 'పాలేరు' నాటకాన్ని ఈ జిల్లాల్లో ఊరూరా ఆడారు. పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు కథలో. పెట్రోమాక్స్ దీపాల వెలుగులో ఆడిన ఆ నాటకం చూసి పాలేరుతనం మానేసి బడికెళ్ళినవాళ్ళున్నారని మా పెద్దలు అంటారు. అక్కడ కూడా చదువు అంటే ముందు ఉత్తరం చదవడం, అర్జీ రాయడం. చదువు రాని ఇంటికి ఉత్తరమొస్తే అది కరణంగారి అరుగు మీదో, మిషన్ బళ్ళో చదివే కుర్రాడి దగ్గరో విప్పించుకోవాలి. మన ఇంటి గుట్టు ఇంకొకడి నోట పలికితేనే మనకి తెలిసేది. ఆ ఇబ్బంది ఎంతటిదో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు.

క్యాసెట్లు, పి.పి. నంబర్లు

ఇక గల్ఫు సంగతి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం పేటల నుంచి గల్ఫు దేశాలకి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళ చరిత్ర ఇంకా సరిగ్గా ఎవరూ రాయలేదు. ఖద్దామా వీసా అంటే మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. భూమి లేదు, కొబ్బరి చెట్లు పరాయివి, కూలి ఏడాదంతా ఉండదు. కువైట్, మస్కట్, బహ్రెయిన్, దుబాయి. మగవాళ్ళు వెళ్ళారు గాని, మా పేటల్లో కుటుంబాలని మార్చింది ఆడవాళ్ళ ప్రయాణమే. పెంకుటిళ్ళు పోయి డాబాలు లేచింది వాళ్ళ కష్టంతోనే. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగారు. ఈ వ్యాసం రాస్తున్న నేను అట్లాంటి ఇంట్లోంచి వచ్చి, మా ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ గడప తొక్కినదాన్ని.

మా పెద్దమ్మ కువైట్లో ఉండేది. అక్షరం ముక్క రాదు. మొదట్లో ఆమె ఉత్తరాలు అక్కడ ఎవరో రాసిపెట్టేవాళ్ళు, ఇక్కడ ఇంకెవరో చదివేవాళ్ళు. రాసేవాడికి సిగ్గుపడి కొన్ని చెప్పేది కాదు, చదివేవాడికి సిగ్గుపడి మా అమ్మమ్మ కొన్ని అడిగేది కాదు. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి. అరవై నిమిషాల క్యాసెట్ ఒక వైపంతా పెద్దమ్మ మాట్లాడి, సెలవుకి వచ్చే ఎవరి సంచిలోనో పెట్టి పంపేది. సగం ఏడుపు, మధ్యలో ఒక క్రైస్తవ పాట, డబ్బు ఎవరెవరికి ఎంతివ్వాలో లెక్క, చిన్నోడి దగ్గుకి మందు, యజమానురాలి మీద తిట్లు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని వినేవాళ్ళు. రెండోవైపు మేము మాట్లాడి తిరిగి పంపేవాళ్ళం.

దీన్ని సరదా జ్ఞాపకంగా చెప్పుకుని వదిలేయకూడదని నా ఉద్దేశం. చదువు రాని దళిత స్త్రీ మాట మధ్యలో ఎవరి చేతా తిరగరాయబడకుండా, ఎవరి నోటా వడకట్టబడకుండా ఇంటికి చేరింది ఈ క్యాసెట్లలోనే. మన కథలు, నవలలు, పరిశోధనలు ఆమె గురించి రాశాయి. టేపులో ఆమే మాట్లాడింది. చరిత్రకి ఆధారం అంటే కాగితమే అనుకునే మన విశ్వవిద్యాలయ శాఖలు ఈ సంగతి గుర్తించడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించినపుడు అన్ని తీగలూ తెగిపోయాయి. భారత ప్రభుత్వం జోర్డాన్ మీదుగా లక్షా డెబ్భై వేలమంది దాకా విమానాల్లో వెనక్కి తెచ్చింది. ఆ రెండు మూడు నెలలూ పేటల్లో రేడియో దగ్గర జనం కదలలేదట. రేడియో లక్ష మంది సంగతి చెబుతుంది, మా పెద్దమ్మ సంగతి చెప్పదు. ఆమె బతికుందని మా వాళ్ళకి తెలిసింది ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాకనే.

ఆ తర్వాత ఎస్.టి.డి. బూతులు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి హైదరాబాదులో ఉన్న బిడ్డతో మాట్లాడాలంటే రాత్రి మేలుకుని అమలాపురం సెంటర్లో వరసలో నిలబడాలి. ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే గుండె కూడా అలాగే తిరిగేది. గల్ఫుకైతే ఇక చెప్పక్కర్లేదు.

వీటన్నిటి కంటే నన్ను ఆకర్షించింది పి.పి. నంబరు. పాత పెళ్ళి శుభలేఖల కింద చూడండి, ఫోను నంబరు పక్కన బ్రాకెట్లో పి.పి. అని ఉంటుంది. అంటే పక్కింటివాళ్ళ ఫోను. ఊళ్ళో సంగతి అది. పేటలో పక్కింట్లో ఫోను ఎక్కడిది? మన పి.పి. ఎప్పుడూ కామందు ఇల్లే, లేకపోతే రైసుమిల్లు గుమాస్తా ఇల్లు. మస్కట్ నుంచి ఫోనొస్తే అరుగు దగ్గరికి పరిగెత్తాలి. రిసీవరు లోపల గదిలో ఉంటే వైరు సాగినంత మేర కిటికీలోంచి అందించేవాళ్ళట. ఆ ఇంటివాళ్ళందరి ముందూ నిలబడి, దేశంకాని దేశంలో మొగుడో, పెళ్ళామో చెప్పే మాటకి "ఆఁ, ఆఁ" అనడం తప్ప ఏం మాట్లాడగలరు?

కాని ఇందులో ఒక తమాషా జరిగింది. ఫోనొచ్చినప్పుడు కామందు ఇంటి పిల్లోడో, పాలేరు లేనప్పుడు కామందు తమ్ముడో పేట దాకా వచ్చి "మీకు ఫోనొచ్చిందంట, పది నిమిషాల్లో మళ్ళీ చేత్తారంట" అని చెప్పాల్సొచ్చేది. తరతరాలుగా వాళ్ళ కబుర్లు మనం మోశాం, మన కబురు వాళ్ళు మోయాల్సిన రోజులు కొన్నేళ్ళే నడిచాయి. విసుక్కున్నారు, అరిచారు, 'మా ఫోను పాడైంది' అన్నారు. ఆ విసుగు మీద ఒక పరిశోధనే చేయొచ్చు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని తుడిచిపెట్టినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు, లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు, ఫోను తీగలు అన్నీ నేలమీదే. ఊరికీ పేటకీ మళ్ళీ కాళ్ళే గతి అయ్యాయి. మళ్ళీ ఎవరి కాళ్ళో వేరే చెప్పాలా? శవాలు తీయడానికీ, కళేబరాలు పూడ్చడానికీ, కబురు మోయడానికీ పేట గుర్తొచ్చింది. కరెంటు వచ్చింది కూడా ముందు ఊళ్ళోకే.

2003లో సెల్‌ఫోనుకి వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. పి.పి. నంబరు చచ్చిపోయింది అప్పుడే. ఫోను కొనడానికి ఒక సీజను కూలి డబ్బులు చాలు. మాట్లాడటానికి డబ్బుల్లేకపోతే మిస్డ్ కాల్ ఉంది: ఒకటి కొడితే బయల్దేరానని, రెండు కొడితే డబ్బు పడిందని. కూలి సంగతిలో కూడా మార్పొచ్చింది. మేస్త్రీ తెల్లారి పేటకొచ్చి చెప్పిందే రేటు అనుకునే రోజులు పోయాయి. రావులపాలెంలో కోతకి ఎంతిస్తున్నారో కొత్తపేటలో తెల్లారకముందే తెలుస్తుంది. 2016లో జియో వచ్చాక చవక డేటాతో ఐమో వీడియో కాల్ ఇంటింటికీ వచ్చింది. ఆరేళ్ళు మొహం చూడకుండా ఉన్న తల్లీ బిడ్డలు రోజూ చూసుకోవడం మొదలుపెట్టారు. మనుషుల్ని ఫోను విడదీసింది అనే పెద్దలు ఒకసారి రాజోలు బస్టాండులో సాయంత్రం పూట కూచుని చూడాలి.

అంబేద్కర్ దీని గురించి ఎప్పుడో చెప్పాడు. 1945లో కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్ళకి చేసిందేమిటో లెక్కతేల్చుతూ రాసిన పుస్తకంలో యంత్రాన్ని తిట్టే గాంధీ వాదాన్ని ఆయన తిప్పికొట్టాడు. చెడు యంత్రంలో లేదు, దాన్ని కొందరి సొత్తుగా ఉంచే సమాజ నిర్మాణంలో ఉంది, మార్చాల్సింది దాన్ని అన్నాడు. యంత్రం లేకపోతే గొడ్డుచాకిరి చేసేవాడికి తీరిక ఉండదు, తీరిక లేనివాడికి సంస్కృతి ఉండదన్నాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లెటూరి మీద ఉన్న భ్రమని కూడా అంతే కటువుగా కొట్టాడు. మన వెట్టి చరిత్ర తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం లేదు.

స్విచ్చి ఎక్కడుంది

అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాదు. యంత్రం కామందు అరుగు మీంచి మన చేతికొచ్చింది గాని, దాని స్విచ్చి ఇంకా పైకి వెళ్ళిపోయింది.

మన కాళ్ళ కింది సంగతే తీసుకోండి. కోనసీమ భూమిలో గ్యాసుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. దేశం పొయ్యిలు, ఫ్యాక్టరీలు ఆ పైపుల మీద ఆధారపడ్డాయి. పైపు పక్కన బతికేవాడి చేతిలో దాన్ని ఆపే కట్టేదీ లేదు.

తర్వాత వేలిముద్ర. చదువు రానివాళ్ళని నిశానీగాళ్ళని వెక్కిరించిన రోజులున్నాయి. రేషను బియ్యానికి ఆధార్ వేలిముద్ర పెట్టే పద్ధతిని 2012లో మా తూర్పు గోదావరి జిల్లాలోనే ప్రయోగంగా మొదలుపెట్టారు. అప్పటి నుంచీ గొప్పోడూ, పేదోడూ అందరూ నిశానీలే. కాని కొబ్బరి పీచు వడికి, సున్నం కలిపి, బురదలో నాట్లేసి అరిగిపోయిన వేళ్ళని యంత్రం గుర్తుపట్టదు. "వేలు పడ్డంలేదు, రేపు రా" అంటాడు డీలరు. పని చేసినందుకే వేలిముద్ర పోయింది, వేలిముద్ర పోయినందుకు బియ్యం పోయాయి.

ఈ నేపథ్యంలో 2022ని చూడాలి. ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు, పార్టీలు అడిగాయి. మే 18న ప్రభుత్వం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకి ముప్ఫై రోజులు గడువు పెట్టింది. మే 24న అమలాపురంలో ఊరేగింపు, రాళ్ళు, బస్సులు కాల్చడం, దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టడం. గౌతమి మీద యానాం, ఎదుర్లంక మధ్య వంతెనకి 2002లో బాలయోగి పేరు పెట్టారు. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరు అయిన మన మనిషి. ఆ పేరుకి ఇళ్ళు తగలబడలేదు. చనిపోయిన స్థానిక నాయకుడి పేరు వంతెన మీదుంటే సర్దుకున్నవాళ్ళు, తమ ఇంటి చిరునామాలో అంబేద్కర్ పేరు రాసుకోవడానికి ఒప్పుకోలేకపోయారు. చిరునామా రోజూ రాయాలి కదా.

ఆ సాయంత్రమే ఇంటర్నెట్ ఆగింది. గుంపుల్ని పోగుచేసిన పిలుపులు వాట్సాప్‌లో తిరిగాయని పోలీసులు చెప్పారు. అంటే మన పెద్దమ్మలు ఐమోలో పిల్లల్ని చూసుకున్న యంత్రమే పెట్రోలు సీసాలకి దారి చూపింది. ఈ రెండూ కలిపి ఒకే స్విచ్చి. దాన్ని ఆపితే రెండూ ఆగుతాయి.

పుకార్లు ఆగితే పేటలు బతుకుతాయని ఆ రోజుల్లో మనలో చాలామందిమి అనుకున్నాం. కారంచేడు, చుండూరు చూసిన జాతికి ఆ భయం అబద్ధం కాదు. మొదటి రెండు మూడు రోజులు ఆపడాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను. రెండు వారాలు ఆపడం వేరే సంగతి.

ఉపాధి హామీ పనిలో ఇరవై మందికి పైగా ఉన్న చోట రోజుకి రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి హాజరు పంపాలన్న నిబంధన సరిగ్గా ఆ మే 16 నుంచే తప్పనిసరి అయింది. ఎనిమిది రోజులకి నెట్ పోయింది. వేలిముద్ర వేసి తీసుకునే పెన్షన్ల రోజు జూన్ 1, అదీ ఆ రెండు వారాల మధ్యలోనే పడింది. ఫోన్‌పే మీద నడిచే చేపల బుట్ట, టిఫిను బండి, ఆటో. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గోదావరి గట్టున అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పెట్టుకుని కూచున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వాళ్ళ కష్టం కష్టమే. కాని గల్ఫులో ఉన్న తల్లి, అమలాపురం తగలబడుతోందని అక్కడ టీవీలో చూసి, ఇక్కడ పిల్లల మొహం కనపడక, ఎక్కువ డబ్బు పెట్టి మామూలు కాల్ చేసి రెండు నిమిషాల్లో పెట్టేసిన ఫొటో ఎవరూ తీయలేరు. మా పేటలో ఆ రెండు వారాలూ ఎస్.టి.డి. బూతు రోజులు తిరిగొచ్చాయి, బూతు మాత్రం లేదు.

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలకి తెలిసి ఉండాలి. అప్పుడు అమల్లో ఉన్న 2017 నిబంధనల కింద హోం శాఖ కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వుతో ఇంటర్నెట్ ఆపే వీలుండేది. కాశ్మీరు విషయంలో అనురాధా భసీన్ వేసిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, ఆపే ఉత్తర్వు కారణాలతో ఉండాలి, దాన్ని ప్రచురించాలి, ఎప్పటికప్పుడు సమీక్షించాలి, గడువు లేకుండా ఆపకూడదు అంది. ఆ ఏడాదే ఒక్కో ఉత్తర్వుకి పదిహేను రోజులు మించకూడదని సవరణ వచ్చింది. ప్రచురించడం అంటే ఎవరికి తెలిసేలా? నెట్ ఆపిన ఉత్తర్వుని నెట్‌లో పెడితే ఎవరు చూస్తారు? మా పేట గోడ మీద ఎవరూ ఏ కాగితం అంటించలేదు. వెట్టి కాలంలో సర్కారు ఉత్తర్వుకి కనీసం డప్పు మోగేది.

ఆ జూన్ 24న మంత్రివర్గం పేరుకి ఆమోదం తెలిపింది. పేరు నిలబడింది. ఇంటర్నెట్ అంతకుముందే, జూన్ రెండో వారానికి తిరిగొచ్చింది. ఎవరు ఎంత నష్టపోయారో పేటల వారీగా లెక్క రాసి పెట్టుకునే పని మాత్రం మన సంఘాలు ఆనాడు చేయలేదు. ఉద్యమం కేసుల చుట్టూ, ధర్నాల చుట్టూ తిరగడంలో అది వెనకపడింది. ఇప్పటికైనా అడిగితే చెప్పేవాళ్ళున్నారు.

చివరగా విద్యార్థులకీ, టీచర్లకీ ఒక విన్నపం. గల్ఫు క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. చాలావాటి మీద తర్వాత సినిమా పాటలు ఎక్కించేశారు, మా ఇంట్లో మిగిలింది ఒక్కటే. ఉప్పు గాలికి టేపులు బూజు పడుతున్నాయి. దొరికితే ముందు అట్ట మీద పేరూ, ఊరూ, ఏడాదీ పెన్సిలుతో రాసి పెట్టండి. ఆడించే ముందు టేపుని చేత్తో నెమ్మదిగా అటూ ఇటూ చుట్టండి, బిగుసుకుపోయి ఉంటే టేప్‌రికార్డరులో తెగిపోతుంది. మాట్లాడినావిడ బతికుంటే ఆవిడని అడక్కుండా ఎవరికీ వినిపించొద్దు.